వేసవిలో వాంతులు, విరేచనాలు: భయపడవలసినది దేనికి?

చైత్రమాసం గడచి ఎండలు ముదిరే వేళకు మా వైద్యశాలకు వచ్చేవారిలో రెండు తెగలవారు ఎక్కువవుతారు. మొదటి తెగవారు నిజంగానే వాంతులు, విరేచనాలతో నీరసించి వస్తారు. రెండవ తెగవారికి ఆ వ్యాధి రాలేదు. ఎప్పుడు వస్తుందో, ఎవరి నుండి అంటుకుంటుందో అన్న దిగులుతో వస్తారు. మొదటి తెగ నా చిన్ననాటి నుండి ఉన్నదే. రెండవ తెగ మాత్రం 2020 నాటి కరోనా తరువాత బాగా పెరిగింది. అంతకు ముందు పుస్తకాలలో ఉండిన "వైరస్" అనే మాట ఇప్పుడు వంటింటి మాట అయింది. "కడుపులోకి వైరస్ వచ్చిందట" అని పొరుగింటివారు అనగానే తలుపులు మూసుకునే కుటుంబాలను నేను చూస్తున్నాను.

భయం సర్వదా చెడ్డది కాదు. పాము కనబడితే వెనుకకు తగ్గడం వివేకమే. అయితే తాడును చూచి పరుగెత్తుతూ అసలు పామును త్రొక్కడం ప్రమాదం. వేసవి ఉదరవ్యాధుల విషయంలో మన కుటుంబాలలో జరుగుతున్నది చాలావరకు ఇదే. భయపడవలసినదేదో, భయపడనక్కరలేనిదేదో వివరించడమే ఈ పాఠం ఉద్దేశ్యం.

ఒక గృహిణి అనుభవం

గత వేసవిలో ఒక గృహిణి నా వద్దకు వచ్చారు. వయస్సు నలభై లోపు. ఏడేళ్ళ కుమారుడు. వారు నివసించే అపార్టుమెంటులో ఒక పుట్టినరోజు విందు జరిగిన మరునాడు పదిమందికి పైగా వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. వీరి ఇంట్లో ఎవరికీ రాలేదు. అయినా ఆనాటి నుండి ఆమెకు మనశ్శాంతి లేదు. కుళాయి ముట్టినా చేతులు కడగడం, గడియ తీసినా చేతులు కడగడం. చేతుల చర్మం పగిలి మండుతున్నది. పెళ్ళిళ్ళు, పేరంటాలు మానివేశారు. పిల్లవానిని తోటివారితో ఆడనివ్వడం లేదు. ఏది తింటే ఏమవుతుందోనని తాను ఒక్క పూట భోజనంతో సరిపెట్టుకుంటున్నారు. రెండు నెలలలో ఐదు కిలోల బరువు తగ్గారు.

వీటన్నిటికీ తోడు, ప్రతి ఉదయం లేచిన గంటలోపల మూడు నాలుగు పలుచని విరేచనాలు. "చూశారా అండీ, ఎంత జాగ్రత్తపడినా నాకు అంటుకున్నది" అని ఆమె కన్నీరు పెట్టుకున్నారు.

ఆమె తెచ్చిన పరీక్షల కాగితాలు చూచాను. మలపరీక్ష, రక్తపరీక్ష, థైరాయిడ్ పరీక్ష అన్నీ సవ్యంగా ఉన్నాయి. జ్వరం లేదు. మలంలో రక్తం లేదు. రాత్రి నిద్రలో లేచి పోవలసిన అవసరం ఒక్కనాడూ రాలేదు. పుట్టింటికి వెళ్ళి ఉన్న నాలుగు రోజులూ విరేచనాలు లేనే లేవు. నాలుక చూచి, నాడి చూచి, "అమ్మా, మీకు వ్యాధి ఉన్నది. కాని అది మీరు భయపడుతున్న వ్యాధి కాదు. మీ భయమే మీ వ్యాధి" అని చెప్పాను. ఆమె నమ్మలేదు. అప్పుడు చరకసంహిత తీసి అతిసార చికిత్సాధ్యాయం ముందుంచాను.

భయాతిసారము

చరకాచార్యులు అతిసారాన్ని ఆరు విధాలుగా విభజించారు. వాతం వలన, పిత్తం వలన, కఫం వలన, మూడు దోషాల కలయిక వలన కలిగేవి నాలుగు. మిగిలిన రెండూ ఆగంతుకాలు. అనగా మనస్సుకు తగిలిన దెబ్బ వలన పుట్టేవి. ఒకటి భయం వలన వచ్చే భయాతిసారము, రెండవది దుఃఖం వలన వచ్చే శోకాతిసారము. భయంతో వాతం ప్రకోపిస్తుంది. ప్రకోపించిన వాతం ప్రేగుల కదలికను తీవ్రం చేస్తుంది. ఆహారం పక్వం కాకుండానే వెలుపలికి పోతుంది. పరీక్ష వ్రాయబోయే విద్యార్థి, న్యాయస్థానానికి పోవలసిన గృహస్థు ఉదయం నాలుగుసార్లు పోవడం మనమెరిగినదే. మనస్సు కలత చెందినప్పుడు పెద్దప్రేగు కదలిక వేగవంతమవుతుందని నేటి వైద్యశాస్త్రం కూడా చెబుతున్నది.

దీనికి ఆచార్యులు చెప్పిన చికిత్స గమనించదగినది. వాతాన్ని శమింపజేసే ఆహార ఔషధాలతో బాటు హర్షణము, ఆశ్వాసనము అనే రెండింటిని విధించారు. హర్షణమంటే సంతోషం కలిగించడం. ఆశ్వాసనమంటే ధైర్యం చెప్పడం. ధైర్యాన్ని కషాయంతో సమానంగా మందుల వరుసలో నిలిపిన శాస్త్రం మనది. అయితే ధైర్యమంటే "ఏమీ కాదులే" అని వీపు తట్టడం కాదు. ఏమి జరుగుతుందో, జరిగితే ఏమి చేయవలెనో తెలియజేయడమే నిజమైన ఆశ్వాసనం. కనుక ముందు వ్యాధిని తెలుసుకుందాం.

కడుపు వైరస్ అంటే ఏమి?

వాంతులు, విరేచనాలు కలిగించే వైరస్‌లలో ముఖ్యమైనవి రెండు. పెద్దలకు, పిల్లలకు అందరికీ వచ్చేది నోరోవైరస్. 1968లో అమెరికాలోని నార్వాక్ పట్టణంలో ఒక పాఠశాల పిల్లలకు వచ్చిన వాంతుల నుండి దీనిని గుర్తించారు. ఆ ఊరి పేరే దీనికి వచ్చింది. సాధారణంగా లోపలికి ప్రవేశించిన 12 నుండి 48 గంటలలో వాంతులు మొదలవుతాయి. ఆరోగ్యవంతులకు ఒకటి మొదలు మూడు రోజులలో తనంతట తానే తగ్గిపోతుంది. రెండవది రోటావైరస్. ఇది ప్రధానంగా ఐదేళ్ళ లోపు పిల్లల వ్యాధి. దీనికి చుక్కల మందు రూపంలో టీకా ఉన్నది. హైదరాబాదులో తయారైన రోటావాక్ టీకా 2015లో వెలువడినది. 2016లో ప్రభుత్వ టీకాల కార్యక్రమంలో రోటావైరస్ టీకాను చేర్చినప్పుడు, మొదట ప్రారంభించిన నాలుగు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. శిశువుకు 6, 10, 14 వారాల వయస్సులో దీనిని వేస్తారు. పసిబిడ్డలు గల తల్లులు ఈ చుక్కలు మరువరాదు.

ఇవి గాలిలో ఎగిరి వచ్చి మీద పడే భూతాలు కావు. రోగి మలం నుండి, వాంతి నుండి చేతులకు, చేతుల నుండి అన్నానికి, నీటికి, అక్కడి నుండి నోటికి చేరతాయి. రోగి వాంతి చేసుకున్నప్పుడు దగ్గరగా ఉన్నవారికి ఆ తుంపరల వలన కూడా అంటవచ్చును. దారి తెలిసిన దొంగకు తలుపు వేయడం సులభం.

మరొక విషయం. వేసవిలో వచ్చే విరేచనాలన్నీ వైరస్ వలన వచ్చేవి కావు. చలిదేశాలలో నోరోవైరస్ శీతకాలంలోనే విజృంభిస్తుంది. మన వేసవిలో అంతకంటె తరచుగా దోషం నిలువ ఉన్న ఆహారానిది, కలుషితమైన నీటిది. ఎండవేడికి వండిన పదార్థాలలో బాక్టీరియా శీఘ్రంగా పెరుగుతాయి. నీటి ఎద్దడి వలన కుళాయిలు రోజుకొక గంట, రెండు గంటలు మాత్రమే వస్తాయి. మిగిలిన వేళలలో గొట్టాలు ఖాళీగా ఉంటాయి. పగుళ్ళున్న చోట ప్రక్కనున్న మురుగు లోనికి చేరుతుంది. తొలకరి వానలు పడినప్పుడు ఈ ప్రమాదం ఇంకా హెచ్చు.

మన ఋతుచర్యలో కూడా ఇది చెప్పబడినదే. ఆదానకాలం చివరిదైన గ్రీష్మంలో శరీరబలం క్షీణించి ఉంటుంది. వర్షఋతువు ప్రవేశించగానే జఠరాగ్ని మరింత మందగిస్తుంది. చరకాచార్యులు జనపదాలకు జనపదాలే వ్యాధిగ్రస్తం కావడానికి గాలి, నీరు, నేల, కాలం అనే నాలుగూ చెడడం కారణమని ఒక అధ్యాయమే వ్రాశారు. సూక్ష్మదర్శిని లేని కాలంలో కూడా నీటిని అనుమానించమన్న బుద్ధి మనవారికి ఉన్నది.

నిజంగా భయపడవలసినది: నీటి నష్టం

నాకు ఎనిమిదేళ్ళ వయస్సులో మా చెల్లెలికి వాంతి భేది పట్టుకున్నది. దానికి రెండేళ్ళు. వేసవి మధ్యాహ్నం మొదలై సాయంత్రానికి కళ్ళు లోపలికి పోయాయి. "నీళ్ళు, నీళ్ళు" అని అడుగుతూనే ఉన్నది. నీరిస్తే విరేచనాలు ఎక్కువవుతాయని ఆ కాలపు పెద్దల నమ్మకం. మా నాయనమ్మ తడిగుడ్డతో పెదవులు తడిపి, "కాస్త ఓర్చుకో తల్లీ" అని బుజ్జగించింది. తెల్లవారక ముందే అది చనిపోయింది. గూటిలో నిండు కుండ ఉన్నది. మా నాయనమ్మకు ఆ పిల్ల మీద ఉన్న ప్రేమ ఇంత అని చెప్పలేను. ఆ ఇంట్లో నీటికి లోటు లేదు, ప్రేమకు లోటు లేదు. లోపించినది తెలివిడి ఒక్కటే. అన్నీ చేసినా దక్కని పిల్లలు ఆ రోజులలో ఉండేవారు, నిజమే. కాని మేము చేయవలసినది చేయలేదు.

తరువాత గురుకులంలో అతిసార ప్రకరణం చదువుతున్నప్పుడు ఆ రాత్రి గుర్తుకు వచ్చి గొంతు పూడుకున్నది. మా గురువుగారు కారణమడిగారు. చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. పిదప, "ఒరేయ్, అతిసారంలో దప్పిగొన్నవానికి తుంగముస్తలు, పర్పాటకం వేసి కాచిన నీరో, కురువేరు, శొంఠి వేసి కాచిన నీరో త్రాగించమని చరకుడు చెప్పాడు. నీరు ఇవ్వవద్దని ఎక్కడా చెప్పలేదు. మీ ఇంట్లో జరిగినది శాస్త్రం కాదు, శాస్త్రం పేరు మీద అలవాటు" అన్నారు. ఆ మాటే నన్ను వైద్యునిగా నిలిపింది.

వాంతులు, విరేచనాలలో ప్రాణం తీసేది ప్రధానంగా వైరస్ కాదు. శరీరం నుండి నీరు, లవణాలు పోవడం. ఆ రెండింటినీ పోయినంత మేరకు తిరిగి ఇవ్వగలిగితే చాలామందిలో వ్యాధి తన దారిన తాను పోతుంది.

దీనికి గొప్ప నిదర్శనం 1971లో కనబడినది. బంగ్లాదేశ్ యుద్ధకాలంలో పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థుల శిబిరంలో కలరా చెలరేగింది. నరాలకు ఎక్కించే సెలైన్ అయిపోవచ్చింది. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, తినే సోడా కొలత ప్రకారం నీటిలో కలిపించి, పీపాలలో నింపించి, రోగుల బంధువుల చేతనే త్రాగించారు. సుమారు 30 శాతంగా ఉన్న మరణాలు 4 శాతం లోపునకు తగ్గాయి. నేడు ఓ.ఆర్.ఎస్. అని మనం పిలిచే పొట్లం వెనుక ఉన్న చరిత్రలో ఇది ముఖ్య ఘట్టం. ఆయన 2022లో కన్నుమూశారు. 2023లో పద్మవిభూషణ్ ప్రకటించబడినది.

ఉప్పుతో గ్లూకోజు ఎందుకు? వ్యాధితో దెబ్బతిన్న ప్రేగు కూడా ఉప్పు, గ్లూకోజు జంటగా వచ్చినప్పుడు వాటిని లోనికి గ్రహిస్తుంది. వాటి వెంట నీరు పోతుంది. ఒట్టి నీటికి ఈ శక్తి చాలదు. తీపి మితిమీరితే ప్రేగు నీటిని వెలుపలికే లాగుతుంది. కాబట్టి కొలత ముఖ్యం.

లంఘనమంటే నీరు మానడం కాదు

"లంఘనం పరమౌషధం" అన్న మాట మన ఇళ్ళలో అందరి నోటా వినబడుతుంది. దానిని తప్పుగా అన్వయించడం వలన జరిగిన హాని కొంత కాదు. లంఘనమంటే జఠరాగ్నికి బరువు తగ్గించడం. పెద్దవారు ఆకలి లేనప్పుడు ఒక పూట ఘనాహారం మానవచ్చును. కాని నీటిని మానడం లంఘనం కాదు. పసిపిల్లలకు ఉపవాసం పనికిరాదు. తల్లిపాలు ఎట్టి పరిస్థితిలోనూ ఆపకూడదు. ఇంకా తరచుగా ఇవ్వవలెను. ఆకలి పుట్టగానే తేలిక ఆహారం పెట్టమని చరకుడే చెప్పాడు. నేటి పిల్లల వైద్యులు చెప్పేదీ అదే.

ఇంటిలో చేయవలసిన ఉపచారం

1. మొదటి విరేచనం నుండే ఓ.ఆర్.ఎస్. ప్రారంభించవలెను. పొట్లం మీద ఎన్ని నీళ్ళు కలపమని ఉన్నదో అన్నే కలపవలెను. పెద్ద పొట్లమైతే ఒక లీటరు కాచి చల్లార్చిన నీటికి మొత్తం ఒకేసారి వేయవలెను. 24 గంటలు దాటితే పారబోసి క్రొత్తది కలుపుకొనవలెను.

2. పొట్లం దొరకని రాత్రివేళ ఒక లీటరు నీటిలో చదునుగా కొలిచిన అర చిన్నచెంచా ఉప్పు, ఆరు చిన్నచెంచాల పంచదార కలపవలెను. ఉప్పు ఎక్కువైతే పిల్లలకు ప్రమాదం. కన్నీటికంటె ఉప్పగా ఉంటే పారబోయవలెను.

3. రెండేళ్ళ లోపు పిల్లలకు ప్రతి విరేచనం తరువాత 50 నుండి 100 మి.లీ., రెండు నుండి పదేళ్ళ వారికి 100 నుండి 200 మి.లీ., ఆపై వారికి త్రాగగలిగినంత ఇవ్వవలెను.

4. వాంతి అయితే పది నిమిషాలు ఆగి, తిరిగి చెంచాతో నెమ్మదిగా ఇవ్వవలెను. గ్లాసెడు ఒక్కసారి త్రాగితే వాంతి అవుతుంది. చెంచా చెంచాగా ఇస్తే నిలుస్తుంది. ఇక్కడ తల్లి ఓర్పే ఔషధం.

5. ఓ.ఆర్.ఎస్.తో బాటు ఉప్పు వేసిన గంజి, పేలాల జావ, పలుచని మజ్జిగలో చిటికెడు ఉప్పు, వేయించిన జీలకర్ర పొడి, సగ్గుబియ్యం జావ ఇవ్వవచ్చును. ఆకలి పుట్టగానే మెత్తని అన్నం పెసరకట్టుతో, లేదా మజ్జిగతో పెట్టవలెను. అరటిపండు, దానిమ్మ హితం. మిరపకారం, నూనె వేపుళ్ళు, పచ్చళ్ళు నాలుగు రోజులు మానవలెను.

6. కొబ్బరినీరు మంచిదే. కాని దానిలో సోడియం తక్కువ గనుక అది ఓ.ఆర్.ఎస్.కు బదులు కాదు. సీసాలలో వచ్చే తీపి పానీయాలు, పళ్ళరసాలు విరేచనాలను పెంచవచ్చును. ఓ.ఆర్.ఎస్. అని పేరు పెట్టి తీపి పానీయాలను అమ్మడం ఒక కాలంలో జరిగింది. హైదరాబాదుకు చెందిన ఒక పిల్లల వైద్యురాలు ఏళ్ళ తరబడి పోరాడగా, 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ దానిని నిషేధించింది. కొనేటప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైనదని పొట్లం మీద ఉన్నదో లేదో చూచుకొనవలెను.

7. పిల్లలకు వైద్యుని సలహాతో జింకు మందు 10 నుండి 14 రోజులు ఇప్పించవలెను. విరేచనాలు తగ్గినవని మధ్యలో మానరాదు.

చేయకూడనివి

విరేచనాలు మొదలు కాగానే వాటిని బిగించే మాత్రలు పిల్లలకు ఇవ్వకూడదు. ఈ మాట అల్లోపతి మాత్రలకే కాదు, మన మందులకూ వర్తిస్తుంది. మన పద్ధతిలో నల్లమందు చేరిన స్తంభన ఔషధాలు కొన్ని ఉన్నాయి. ఆమదోషం ఉండగా స్తంభించరాదని శాస్త్రమే నిషేధించింది. పసిపిల్లలకు అవి ప్రాణాంతకం కావచ్చును. ఎవరో ఇచ్చారని అలాంటి గుళికలు ఇంట్లో ఉంచుకొనకండి.

వైరస్ మీద యాంటీబయోటిక్ మందులు పనిచేయవు. వైద్యుడు వ్రాయనిదే మందుల అంగడికి వెళ్ళి అడిగి కొనవద్దు. గతంలో మిగిలిన మాత్రలు వేసుకోవద్దు.

ఆసుపత్రికి ఎప్పుడు?

ఈ క్రింది లక్షణాలలో ఏ ఒక్కటి కనబడినా ఇంటివైద్యం ఆపి, ఏ వేళనైనా ఆసుపత్రికి తీసుకొని పోవలెను. దారిలో కూడా, త్రాగగలిగితే, ఓ.ఆర్.ఎస్. పట్టుతూ ఉండవలెను.

కళ్ళు లోపలికి పోవడం, ఏడ్చినా కన్నీరు రాకపోవడం, నాలుక ఎండిపోవడం, ఆరు గంటలకు పైగా మూత్రం రాకపోవడం, పొట్టమీద చర్మం గిల్లి వదిలితే వెంటనే సర్దుకొనకపోవడం, మగతగా పడి ఉండడం, త్రాగలేకపోవడం, త్రాగినదంతా వాంతి కావడం, మలంలో రక్తం, తీవ్రజ్వరం, బియ్యం కడుగు వంటి విరేచనాలు ధారగా కావడం, తీవ్రమైన కడుపునొప్పి, మూడు రోజులైనా తగ్గకపోవడం.

ఆరు నెలల లోపు శిశువులు, వృద్ధులు, గర్భిణులు, మధుమేహం లేదా మూత్రపిండాల వ్యాధి గలవారి విషయంలో ఈ లక్షణాల కొరకు ఎదురుచూడక ముందుగానే వైద్యునికి చూపవలెను. నరానికి సెలైన్ ఎక్కించవలసిన స్థితిలో కషాయంతో కాలక్షేపం చేయడం ఆయుర్వేదం కాదు. తన ఔషధం హద్దు ఎరిగినవాడే వైద్యుడు.

రాకుండా కాపాడుకొను విధం

చేతులు రోజుకు నూరుసార్లు కడగనక్కరలేదు. మూడు వేళలు తప్పక కడగవలెను: మలవిసర్జన తరువాత (పిల్లలకు కడిగిన తరువాత కూడా), వంటకు ముందు, భోజనానికి ముందు. సబ్బుతో ఇరవై సెకన్లు, గోళ్ళ సందులు కూడా రుద్ది, పారే నీటితో కడగవలెను. చేతులకు రాసుకునే సానిటైజర్ నోరోవైరస్ మీద అంతగా పనిచేయదు. సబ్బు, నీరే మేలు.

త్రాగే నీరు కళపెళ మరిగిన తరువాత ఒక నిమిషం ఉంచి దించి, మూతపెట్టి చల్లార్చవలెను. మట్టికుండలో పోసుకుంటే గ్రీష్మానికి హితమైన చల్లదనం వస్తుంది. కావాలంటే వట్టివేళ్ళు కడిగి మరిగేటప్పుడే వేసి వడగట్టుకొనవచ్చును. కుండలో చేయి, గ్లాసు ముంచరాదు. పొడవైన కాడ గల గరిటె వాడవలెను. శ్రీరామనవమి పానకం, చలివేంద్రపు నీరు, మజ్జిగ ఇవన్నీ పుణ్యకార్యాలే. కాని పంచేవారు మంచినీరు వాడినప్పుడే అది పుణ్యం. రోడ్డుమీది మంచుగడ్డ, కోసి పెట్టిన పళ్ళముక్కలు వేసవిలో మానడం మంచిది.

వండినది రెండు గంటలలో తినడం, లేక ఫ్రిజ్‌లో పెట్టి తిరిగి పొగలు వచ్చేలా వేడిచేసి తినడం ఉత్తమం.

ఇంట్లో ఒకరికి వ్యాధి వస్తే వారు వాంతి చేసుకున్న చోటును తుడిచివేసి, బ్లీచింగ్ పౌడరు కలిపిన నీటితో శుభ్రం చేయవలెను. ఆ పని చేసేవారు చేతులకు తొడుగులు, ముఖానికి గుడ్డ ధరించవలెను. వ్యాధి తగ్గిన తరువాత కూడా రెండు రోజులపాటు ఆ వ్యక్తి వంట చేయరాదు. మన గృహిణులు పాటించనిది ఇదే. జ్వరం దిగీ దిగగానే పొయ్యి దగ్గరకు వెళ్ళే ఇల్లాలిని ఇంటివారు ఆపవలెను. ఆ రెండు రోజులు మగవారు గరిటె పట్టుకుంటే తప్పులేదు.

భయానికి చికిత్స

ఇక ఆ గృహిణి సంగతి. ఆమెకు మందు తక్కువ, మాట ఎక్కువ ఇచ్చాను. పైన చెప్పిన విషయాలన్నీ ఒక్కొక్కటిగా వివరించి, ఆమె చేతనే ఒక కాగితం మీద వ్రాయించి, వంటింటి గోడకు అంటించమన్నాను. రెండు ఓ.ఆర్.ఎస్. పొట్లాలు అలమరలో ఉంచుకొమ్మన్నాను. చేతులు కడగడం ఆ మూడు వేళలకు, బయటి నుండి వచ్చిన వేళకు పరిమితం చేయించాను. పగిలిన చేతులకు కొబ్బరినూనె, ఉదయం నువ్వులనూనెతో అభ్యంగనం, గోరువెచ్చని స్నానం, వేళకు మూడు పూటల మితభోజనం, భోజనం చివర జీలకర్ర పొడి వేసిన మజ్జిగ. తినేటప్పుడు వ్యాధుల ప్రసక్తి వద్దన్నాను. వారానికొక మెట్టు చొప్పున మొదట పొరుగింట కాఫీ త్రాగడం, తరువాత పిల్లవానిని ఆటలకు పంపడం, ఆ తరువాత ఒక పెళ్ళిలో వేడివేడి అన్నం తినడం అని నిర్ణయించాము. భయమున్న చోటుకు కొంచెం కొంచెంగా అడుగు వేయడమే దానికి మందు. మన శాస్త్రంలో మనస్సును అహితమైన ఆలోచనల నుండి మరల్చే పద్ధతిని సత్వావజయమన్నారు.

నాలుగవ వారం గడిచేసరికి ఉదయపు విరేచనాలు ఒకటికి తగ్గాయి. ఆరవ వారంలో ఒక రాత్రి ఆమె నుండి ఫోను వచ్చింది. పిల్లవానికి నాలుగు వాంతులు, మూడు విరేచనాలు. ఆమె ఇన్నాళ్ళు భయపడినది ఇంటికి రానే వచ్చింది. ధైర్యం చెప్పడానికి నేను నోరు తెరిచేలోగా ఆమే చెప్పారు: "పది నిమిషాలు ఆగి చెంచాతో ఓ.ఆర్.ఎస్. పడుతున్నానండీ. మూత్రం అయింది. నాలుక తడిగానే ఉంది. తెల్లవారాక పిల్లల డాక్టరుగారికి చూపిస్తాను. ఇంకేమైనా చూడాలా?" నేను చెప్పడానికి ఏమీ మిగలలేదు. రెండు రోజులలో పిల్లవాడు కోలుకున్నాడు. ఆ తరువాత ఆమె మళ్ళీ తన భయం గురించి నా వద్దకు రాలేదు.

అందరికీ ఇంత త్వరగా తగ్గదు. రోజంతా అదే ధ్యాస, ఆహారం మానివేయడం, చేతులు కడగడం ఆపలేకపోవడం, వాంతి అన్న తలపుకే వణుకు కొన్ని నెలలుగా ఉన్నవారు మానసిక వైద్యుని సంప్రదించవలెను. అందులో సిగ్గుపడవలసినది లేదు. కన్నుకు జబ్బు చేస్తే కంటివైద్యుని వద్దకు వెళ్ళడం వంటిదే అది.

పాఠకులకు మనవి

ఈ వ్యాసం చదివి ముగించగానే రెండు పనులు చేయండి. ఒకటి, ఇంట్లో రెండు ఓ.ఆర్.ఎస్. పొట్లాలు, ఒక లీటరు కొలత పాత్ర ఉన్నవో లేవో చూడండి. రెండు, ఆసుపత్రికి తీసుకొని పోవలసిన లక్షణాలను ఇంట్లో పెద్దలకు, పనిలో సాయపడేవారికి కూడా చదివి వినిపించండి. వారి ఇళ్ళలోనూ పసిపిల్లలు ఉంటారు. "నీరిస్తే ఎక్కువవుతుంది" అనే మాట నేటికీ కొన్ని చోట్ల నా చెవిన పడుతూనే ఉన్నది. అది వినబడిన చోట మీరు ఊరుకోకండి. దప్పిగొన్న బిడ్డకు ముందు చెంచా అందించండి. మిగిలిన మాటలు తరువాత.